ఎవరూ కొనని కడపలు

వేడి గొట్టం మీద తడిపిన టేకు బద్దను వంచుతుంటే ముందు ఆవిరి లేస్తుంది, తర్వాత కర్ర వాసన వస్తుంది. ఈ ఉదయం ఆ రెండింటి వెనకే పసుపు వాసన వచ్చింది. వంటింటి పసుపు కాదు. నూనెతో, మట్టితో కలిసి, ఏళ్ల తరబడి పాదాల కింద నలిగి కర్రలోకి ఇంకిపోయిన పసుపు. చేతిలో బద్ద వంగుతోంది, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఆవిరి వల్లే అని బుకాయించడానికి షెడ్డులో రెండో మనిషి కూడా లేడు. శామీర్‌పేట రోడ్డు మీద లారీలు పోతున్నాయి. బద్దను అలాగే అదిమి పట్టుకొని, "వచ్చినవా పటేలమ్మా" అన్నాను పైకే.

గిటార్లు చేయడం నా పని. రేకుల షెడ్డు, గోడల నిండా బిగింపు పట్టీలు, మూలన పాత టేకు మొద్దులు, నడుమ నేను. యాప్రాల్ చర్చీల్లో వాయించే వాళ్ల దగ్గర్నుంచి సికింద్రాబాద్ హోటళ్లలో పాడే బ్యాండు వాళ్ల దాకా వస్తుంటారు. "మీరేం చేస్తారండీ" అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను. ఇదీ ఒక గొప్పేనా అని మీకు అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ ఒక్క మాట నోట రావడానికి ఏళ్లు పట్టింది. దాన్ని పలికించిన మనిషి గిటారును సినిమాల్లో తప్ప చూసి ఎరగదు. పేరు సత్తెమ్మ. మేడ్చల్‌లో అందరికీ డిపో పటేలమ్మ.

తొంభైల నడుమ మాట ఇది. మేడ్చల్ ఊరు దాటుతుంటే నిజామాబాద్ రోడ్డు పక్కన ఆమె టింబర్ డిపో ఉండేది. పుట్టిల్లు దేవరయాంజాల్, మెట్టినిల్లు మేడ్చల్, రెండు వైపులా భూములున్న కుటుంబాలే. భర్త పోయాక డిపో అమ్మేస్తారని అందరూ అనుకున్నారట. ఆమె దినాలు కాగానే వెళ్లి ఆయన ఇనుప కుర్చీలో కూర్చుంది. అంతే, ఇక లేవలేదు. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. దవడలో ఎప్పుడూ ఒక వక్కపలుకు, చేతిలో సుద్దముక్క. కోత మిషన్ రొదలో కూడా ఆమె తిట్టే తిట్లు రోడ్డు అవతల హోటల్లో చాయ్ తాగేవాళ్లకు స్పష్టంగా వినిపించేవి.

నేను అప్పుడు శామీర్‌పేట దగ్గర ఒక కోళ్ల దాణా కంపెనీలో లెక్కల గుమాస్తాను. మా నాయిన మేడ్చల్ బడిలో డ్రిల్లు సారు. వారమంతా పిల్లల చేత కవాతు చేయించి, ఆదివారం మాత్రం వసారాలో రంపం, ఉలి ముందేసుకొని కూర్చునేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చెక్కను చదును చేసే రంద పట్టడం నేర్పాడు. ఆయన పోయాక పనిముట్ల పెట్టెను అన్నదమ్ములెవరూ అడగలేదు, నేను అత్తగారింటికి తెచ్చుకున్నాను. మా ఆయన రవీందర్ బస్ డిపోలో మెకానిక్. ఇంటికి చుట్టాలొస్తే, "మా ఇంట్ల వడ్లాయన ఈమెనే, నేను ఉత్త కూలి" అని నవ్వించేవాడు. పీటలు, అరలు, కవ్వాలు చేసేదాన్ని. అందంగా ఉన్నాయని ఎవరైనా అంటే సిగ్గుపడి, ఊరికే చేశానులెండి అనేదాన్ని. లెక్కల పుస్తకంలో తప్పు దొరికినా అంత నసిగేదాన్ని కాదు.

పటేలమ్మ దగ్గరికి మొదటిసారి వెళ్లింది ఒక చిన్న టేకు ముక్క కోసం. ఎంచుకొని ఆమె ముందు పెట్టాను. ఆమె ముక్కను చూడలేదు, నన్ను చూసింది.

"ఏం జేస్తవ్ దీంతోని?"

"ఏం లేదమ్మా, ఉత్తగనే."

"ఉత్తగ అయితే ఇయ్య."

"పైసలిస్త గదమ్మా."

"పైసలు అందరిస్తరు. పనేందో జెప్పు."

వెనక ఇద్దరు మేస్త్రీలు నిలబడి ఉన్నారు. నోటికి వచ్చింది చెప్పేశాను. "పీట. పీట జేస్త."

"ఎవరికి?"

"మా అత్తమ్మకు. మోకాళ్ల నొప్పులు. కింద కూసోలేదు."

"గది మాట. మల్ల గంత సన్న ముక్క తీస్తివేంది?" అని, నా చేతిలోది లాక్కొని దుంగల వెనక నుంచి ఇంకొకటి తెప్పించింది. దాని మీద సుద్దతో గుండ్రటి అక్షరాల్లో 'పీట' అని రాసి నా వైపు తోసింది. "డ్రిల్లు సారు బిడ్డవు గదా నువ్వు? మీ నాయిన గట్ల నసుగకపోవు."

ఆ డిపో పద్ధతే అది. ఏ కర్ర బయటికి పోయినా దాని మీద ఏమవుతుందో రాసి పంపాల్సిందే. మంచం, దర్వాజ, బల్ల. చెప్పనివాళ్లకు, చెప్పి మాట తప్పినవాళ్లకు కర్ర లేదు. సెంట్రింగు కోసం టేకు అడిగిన ఒక కాంట్రాక్టరును, "రెండు నెలలకు పీకి పడేసేదానికి టేకెందుకురా, తుమ్మ తీస్కపో" అని పంపేసింది. ఇలా అయితే వ్యాపారం ఏం నడుస్తుందని నవ్వేవాళ్లు. నడిచింది మరి. అదే రోడ్డు మీద నాలుగు డిపోలున్నా, ఇల్లు కట్టుకునేవాళ్లు ముందు ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

డిపో వెనక రేకుల కింద ఇంకొక కుప్ప ఉండేది. అది కడపల కుప్ప. గడపను మా వైపు కడప అంటాం. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దూలాలు, మొగురాలు, తలుపులతో పాటు కడపలూ లారీలో వచ్చేవి. దూలాలు కొనేవాళ్లున్నారు, తలుపులు కొనేవాళ్లున్నారు. ఒక ఇంటి కడపను ఇంకొక ఇంటికి పెట్టుకునేవాళ్లు లేరు. ఎవరి లక్ష్మి వాళ్లది, పైగా ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరికి తెలుసు? అమ్ముదామంటే బేరం లేదు, పొయ్యిలో పెడదామంటే పటేలమ్మకు మనసు రాదు. కుప్ప ఏటేటా పెరుగుతూ పోయింది. శుక్రవారం పొద్దున ఆమె చిన్న గిన్నెలో పసుపు కలుపుకొని వెళ్లి, ఎవరెవరివో తెలియని ఆ కడపలన్నిటికీ రాసి వచ్చేది. మొగుడు పోయిన ఆడది పసుపు ముడుతుందా అని గొణిగినవాళ్లున్నారు, కాకపోతే ఆమె ఎదురుగా కాదు. నేనొకసారి ఎందుకమ్మా అంటే, "ఎవరింటి లచ్చిమో పిల్లా, మన కాడికి వచ్చె. ఉత్త మొకంతోని ఉంచుతమా" అంది.

గిటారు సంగతి గ్రేస్ వల్ల మొదలైంది. గ్రేస్ మా ఆఫీసులో టైపిస్టు. యాప్రాల్ నుంచి వచ్చేది, ఆదివారాలు చర్చిలో గిటారు వాయించేది. ఒక ఎండాకాలం దాని తీగలు పట్టి ఉంచే చెక్క ఊడి వచ్చేసింది. దుకాణం వాళ్లు కొత్తది కొనుక్కోమన్నారట. నేను ఇంటికి తీసుకెళ్లి, తీగలు విప్పి, గుండ్రటి రంధ్రంలోంచి చిన్న అద్దం పెట్టి లోపలికి చూశాను. బయట నున్నగా మెరిసే ఆ పెట్టె లోపల సన్నటి బద్దలు ఎండుచేప ముళ్లలా అమర్చి ఉన్నాయి. ఎవరూ చూడని చోట అంత పని! అన్నం చల్లారిపోతున్నా అద్దం తీయలేదు. చెక్క అతికించి ఇచ్చేశాను గాని, ఆ లోపలి బద్దలు నన్ను వదల్లేదు. ఒకటి చేసి చూడాలని పట్టుకుంది. పైపలకకు కావలసిన తేలిక కర్ర కంపెనీలోనే దొరికింది, విదేశీ మిషన్లు వచ్చిన పెట్టెల చెక్క. పక్కలకు, అడుగుకు టేకు కావాలి.

"ఏం జేస్తవ్?" అంది పటేలమ్మ, మామూలుగానే.

"గిటారు."

సుద్దముక్క ఆగిపోయింది. "సినిమాల హీరో మెడకేసుకుంటడు, గదేనా?"

"అదే."

"దాని లోపల ఏముంటది?"

"ఏం ఉండదు పటేలమ్మా. ఖాళీ."

"ఖాళీ డబ్బాకు గింత పరేషానా!" అని పొట్ట కదిలేలా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి కొంచెంసేపు నా ముఖం చూసింది. లేచి, రా అన్నట్టు తల ఊపి, వెనక కుప్ప దగ్గరికి నడిచింది. ఒక్కొక్క కడపనూ తట్టి చూసి ఒకటి బయటికి లాగించింది. నల్లబడి, నడుమ పాదాలకు అరిగి కొద్దిగా పల్లం పడి ఉంది. "గిది పాత టేకు. దీని మీద ఎంతమంది పిల్లలు కూసోని పాటలు పాడిండ్రో. తొక్కే పనికి ఇయ్య, పొయ్యిల పెట్టే పనికి ఇయ్య. పాడే పనికైతే తీస్కపో."

నేను తడబడ్డాను. అది కోయడమంటే నాకే భయం వేసింది. ఆమె మాత్రం కడపను రెండు చేతులతో తాకి కళ్లకద్దుకొని, మిషన్ దగ్గరికి పంపింది. 'గిటారు' అని రాయడానికి నన్ను అక్షరాలు అడిగింది.

ఆ చలికాలమంతా మా వసారాలో పొట్టే పొట్టు. నాయిన నేర్పిన పనంతా పెట్టాను. ఆయన మాట ఒకటుండేది, "ఏం జేసినా మూడు తరాలు నిలవాలె." నేనూ అలాగే చేశాను. పలకలు మందంగా, లోపలి బద్దలు బలంగా, కీలుకు కీలు గట్టిగా. పూర్తయ్యాక దాన్ని చూసి నాకే ముద్దొచ్చింది. గ్రేస్‌ను వెంటబెట్టుకొని డిపోకు తీసుకెళ్లాను. కూలీలు మూగారు. గ్రేస్ తీగలు బిగించి మీటింది. బియ్యం డబ్బా మీద తట్టినట్టు ఒక చప్పుడు వచ్చింది, వెంటనే ఆరిపోయింది. ఇంకోసారి మీటింది. పాపం, నా ముఖం చూడలేక తీగలు సరిచేస్తున్నట్టు తల వంచుకుంది.

పటేలమ్మ దాన్ని ఒళ్లోకి తీసుకొని, వేలి కణుపులతో తట్టి, తిప్పి చూసి, "మంచిగ జేసినవ్ బిడ్డా" అంది. నేను ఆశగా తలెత్తాను. "దర్వాజ మంచిగ జేసినవ్. దీనికి తలుపు పెడితే దొంగ కూడ రాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, అలవాటు కొద్దీ అన్నాను, "పోనీ తియ్ పటేలమ్మా, ఉత్తగనే జేసిన గదా."

ఆమె నవ్వు అక్కడే ఆగింది. "ఏమన్నవ్?"

గిటారు అందుకుందామని చేయి చాచాను. ఆమె ఇవ్వలేదు.

"ఎవరింటిదో కడప. ఆ ఇంటి ఆడపిల్లలు ఎంతమంది దాన్ని మొక్కి, దాటి, అత్తగారిండ్లకు పోయిండ్రో. నిన్ను నమ్మి దాన్ని మిషన్ మీద పెట్టిచ్చిన. ఇప్పుడు ఉత్తగనే అంటున్నవా? మల్ల నేను దాన్ని ఉత్తగనే కోపిచ్చిన్నా?" గొంతు పెంచలేదు. ఆమె తిట్లకు అలవాటుపడ్డవాళ్లం, ఆ మెల్లటి గొంతుకు బిక్కచచ్చిపోయాం. "తప్పయితే తప్పయింది అను. మల్ల జేస్త అను. ఉత్తగనే అనకు."

దారిపొడవునా ఏడ్చాను. అవమానానికి కాదు. నా పనిని నాకంటే ముందు ఒకరు నిజమని నమ్మారు, నేను దాన్ని అంత మంది ముందు చులకన చేశాను. మర్నాడు మళ్లీ వెళ్తే ఆమె గడ్డంతో వెనక కుప్ప వైపు చూపించింది.

ఆ తర్వాత నేను నేర్చుకున్నదంతా నాయిన నేర్పినదానికి ఎదురు. గిటారు పలకాలంటే పల్చన కావాలి. బద్దలు చెక్కేయాలి, ఇంకా చెక్కేయాలి, ఇక విరుగుతుందేమో అనిపించే చోట ఆగాలి. ఆదివారం ప్రార్థన అయ్యాక గ్రేస్ మా ఇంటికి వచ్చేది. నేను రంద పట్టి కొంచెం కొంచెం తీస్తుంటే తను పలకను చెవి దగ్గర పెట్టుకొని తట్టి, "ఇంకా మూసుకొనే ఉంది విజయా" అనేది. రంద వేసే ప్రతిసారీ నాయిన మాటను కోసేస్తున్నట్టే ఉండేది నాకు. అలా చేసిన రెండో గిటారు బాగానే పలికింది గాని, మరుసటి ఎండాకాలం మధ్యాహ్నం మామిడికాయలు తరుగుతుంటే లోపల్నుంచి టప్పుమని వినబడింది. వెళ్లి చూస్తే పైపలక నిలువునా చీలిపోయి ఉంది. వానలు పడుతుండగా, తేమ పీల్చి ఉబ్బిన పలకలను తొందరపడి అతికించాను. ఎండలకు అవి బిగుసుకుపోయాయి. దాన్ని అలాగే తీసుకెళ్లి పటేలమ్మ ముందు పెట్టాను.

"తప్పయింది. వానకాలంల అతికిచ్చిన. మల్ల జేస్త."

ఆమె వక్కపలుకును ఇటు దవడ నుంచి అటు దవడకు మార్చింది. "గిప్పుడు మంచిగ మాట్లాడినవ్."

ఆ తర్వాతిది పలికింది, చీలకుండా నిలిచింది కూడా. దాన్ని కూడా డిపోలోనే, కోత మిషన్ ఆపించి, గ్రేస్ చేత వాయింపించాను. పటేలమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకొని, గిటారు వెనక పలక మీద అరచేయి ఆనించింది. పాట మొదలైనప్పటి నుంచి అయిపోయే దాకా చేయి తీయలేదు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. "వణుకుతాంది" అంది ఒక్కసారి, తనలో తాను అనుకున్నట్టు. పాట అయ్యాక చేయి తీసి ఒళ్లో పెట్టుకొని దాని వైపే చూసుకుంది. మరుక్షణం, "ఏంరా, ఇయ్యాల పని లేదా మీకు?" అని కూలీల మీద విరుచుకుపడింది. ఆమె కంటి చివర తడి నేను చూశానని ఆమెకు తెలియకూడదు కదా, నేనూ వేరే వైపు చూశాను.

గ్రేస్ చర్చి నుంచి ఒకరు అడిగారు, వాళ్ల నుంచి ఇంకొకరు. రెండువేల సంవత్సరం దాటేసరికి నా సాయంత్రాలు, సెలవులు అన్నీ వాటికే పోతున్నాయి. అయినా ఎవరికీ ఇది నా పని అని చెప్పేదాన్ని కాదు. ఆఫీసులో హాబీ అనేదాన్ని, చుట్టాల్లో టైంపాస్ అనేదాన్ని. నెల జీతం నా చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది. రవీందర్ ఒక్కడి సంపాదన మీద ఇల్లు, మా పాప చదువు నడవాలంటే భయం. ఇంతలో రోడ్డు వెడల్పు చేస్తారని మాట వచ్చింది, మేడ్చల్ చుట్టుపక్కల భూములకు రెక్కలొచ్చాయి. పటేలమ్మ పెద్ద కొడుకు మహేందర్ ప్లాట్ల వ్యాపారంలో దిగాడు. చెడ్డవాడు కాదు. తల్లికి షుగర్ వచ్చింది, దుమ్ములో కూర్చోవద్దని అతని గోల. పైగా డిపో జాగాకు మంచి బేరం వచ్చింది. ఏడాది పాటు కాదు కాదంటూ నెట్టుకొచ్చి, చివరకు ఆమె సరేనంది.

ఆ రోజు మా ఆఫీసులో సరుకు లెక్క చూస్తున్నాం. ఫోన్ వచ్చిందంటే వెళ్లి ఎత్తాను.

"బిడ్డా, మావోడు లారీ పిలిచిండు. జాగ సాఫ్ జేయాలెనంట. కడపలు ఇటుక బట్టీకి పోతున్నయ్. నువ్వు జల్దీ రా."

మేనేజర్ దగ్గరికి వెళ్లి సెలవడిగాను. ఆయన మంచివాడే, ఆ రోజు తల ప్రాణం తోకకొచ్చి ఉంది. "ఇంత అర్జెంటుగా ఏం పనమ్మా?" అన్నారు. పాత కర్ర పోతోంది, గిటార్లకు అని చెప్పాను. "టైంపాస్ పనులు ఆదివారం చూసుకోండి. లెక్క మధ్యలో వదిలి పోతే మాత్రం, రేపు ఈ కుర్చీ మీకు ఉంటుందని నేను చెప్పలేను." ఆ టైంపాస్ అన్న మాట ఆయనకు నేర్పింది నేనే. ఒక నిమిషం కుర్చీ పట్టుకొని నిలబడ్డాను. కుర్చీ పోతే ఇంటి ఖర్చు ఎట్లా అనుకున్నాను. కడపలు పోతే? వాటి మాట ఎవరితో చెప్పినా నవ్వుతారు. బ్యాగు తీసుకొని బయటికి వచ్చి మేడ్చల్ ఆటో ఎక్కాను.

డిపోలో దుంగలన్నీ పోయి జాగా బోసిగా ఉంది. లారీ వెనక్కి తిప్పి నిలబెట్టారు. కడపల కుప్ప మీద పటేలమ్మ కూర్చొని ఉంది. ఎవరైనా పొరపాటున కాలు ఆనించినా ఉతికి ఆరేసే మనిషి, కడపల మీద తానే కాళ్లు చాపి కూర్చుంది. మహేందర్ తల పట్టుకొని నిలబడ్డాడు.

"అక్కా, నువ్వన్న జెప్పు. గివి ఎవ్వలు కొనరు. రేపు రిజిస్ట్రేషన్ ఉంది. అమ్మ దిగుతలేదు."

"అడుగురా ఆమెను" అంది పటేలమ్మ. "ఏం జేస్తదో జెప్పుతది. జెప్పినంక గూడ బట్టీకి పంపుతనంటే నీ ఇష్టం."

మహేందర్, లారీ డ్రైవరు, కూలీలు, ఎదురు హోటల్లోంచి చూస్తున్న వాళ్లు, అందరూ నా వైపు తిరిగారు. "అంటే..." అని మొదలుపెట్టాను. పటేలమ్మ నా వైపు చూడలేదు, చేతిలోని సుద్దముక్కను చూసుకుంటోంది. ఈ మనిషి నా మీద ఇంత పెట్టుకొని కూర్చుందా అనిపించింది.

"గిటార్లు జేస్త, మహేందర్. ఇదే నా పని. ఇయ్యాల్టి సంది ఇదొక్కటే నా పని."

ఎవరూ నవ్వలేదు. పటేలమ్మ మెల్లగా దిగింది. మోకాళ్లు పట్టేశాయి, నా భుజం ఆసరా తీసుకుంది. తర్వాత వంగి, ఒక్కొక్క కడప మీదా 'గిటారు' అని రాయడం మొదలుపెట్టింది. ఎక్కువే ఉన్నాయి. ఎండలో నిలబడి ఆమె రాస్తుంటే లారీ డ్రైవరు కూడా తొందరపెట్టలేదు. చివరికి మహేందర్ తల్లి చేతిలోంచి సుద్ద తీసుకొని మిగిలినవి తాను రాశాడు.

లారీ బట్టీకి కాక మా ఇంటికి వచ్చింది. సాయంత్రం రవీందర్ డ్యూటీ దిగి వచ్చి, వాకిలి నిండా పేర్చిన కుప్పను చూసి, "ఏందే ఇది, ఊరందరి కడపలు మనింటికే వచ్చినయ్" అన్నాడు. ఉద్యోగం సంగతి చెప్పాను. మెట్టు మీద కూర్చొని విన్నాడు. తర్వాత లేచి, కుప్ప మీద వాన పడకుండా కప్పడానికి బస్ డిపో నుంచి పాత టార్పాలిన్ తెస్తానని సైకిల్ తీశాడు. ఆ రాత్రి అన్నం తిన్నామో లేదో గుర్తు లేదు గాని, ఆ టార్పాలిన్ మాత్రం నా దగ్గర ఇంకా ఉంది.

మొదటి రెండేళ్లు కష్టంగానే గడిచాయి. తర్వాత శామీర్‌పేటలో ఈ షెడ్డు తీసుకున్నాను. పటేలమ్మ యాప్రాల్‌లో కొడుకు కట్టిన కొత్త ఇంటికి మారిపోయింది. అంతా నున్నటి బండలు, గదికీ గదికీ మధ్య దాటడానికి ఏమీ లేదు. "ఇంట్ల ఉన్ననో బయట ఉన్ననో తెలుస్తలేదు బిడ్డా" అనేది. అందుకని శుక్రవారం కారులో వచ్చి, మిగిలిన కడపలకు పసుపు రాసి, నా చేత చాయ్ పెట్టించుకొని, చేస్తున్న గిటారు వీపు మీద ఒకసారి చేయి ఆనించి వెళ్లేది. దేవరయాంజాల్‌లో తన పుట్టింటిని అన్నదమ్ముల కొడుకులు పడగొట్టినప్పుడు, ఆ ఇంటి కడపను కూడా నా దగ్గరికే పంపింది. వెంటే తానూ వచ్చింది. "గిది దాటే నేను పెండ్లయి వచ్చిన. దీన్ని గప్పుడే కొయ్యకు, నేను పోయినంక కొయ్యి" అంది. ఏం చేస్తావని మాత్రం అడగలేదు. ఆమె అడగని కర్ర నాకు తెలిసి అదొక్కటే.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ కడపను గోడకు ఆనించే ఉంచాను. శుక్రవారం పసుపు నేను రాస్తున్నాను. ఎంత మంచి గిటారు బేరం వచ్చినా దాన్ని ముట్టుకోలేదు. పోయిన నెల గ్రేస్ వచ్చింది, జుట్టు మొత్తం నెరిసింది, చర్చిలో ఇప్పటికీ తనే వాయిస్తుంది. కడపను చూపించి, "దీన్ని ఎందుకు పక్కన పెట్టావు?" అంది.

"ఉత్తగనే" అన్నాను.

అన్నాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. గ్రేస్‌కు కూడా డిపోలో ఆ రోజు గుర్తొచ్చినట్టుంది. నా చేయి నొక్కి వెళ్లింది.

మర్నాడు పొద్దున సుద్దముక్క తీసుకున్నాను. కడప మీద 'గిటారు' అని రాశాను. రాయగానే ఆమె రెండో ప్రశ్న వినిపించింది, ఎవరికి? ఇన్నేళ్లలో ఎంతమందికి చేశానో, నా ఇంట్లో మాత్రం ఒక్క గిటారు లేదు. వాయించడం రాదు కదా, నాకెందుకనుకునేదాన్ని. కాసేపు సుద్ద పట్టుకొని నిలబడ్డాను. తర్వాత దాని పక్కనే 'నాకు' అని రాశాను. నేర్పడానికి గ్రేస్ ఒప్పుకుంది, తీగలు నొక్కితే వేళ్లు కోసుకుపోతాయని ముందే భయపెట్టింది కూడా. ఈ ఉదయం గొట్టం మీద వంచింది ఆ కడప నుంచి తీసిన బద్దనే.

మంచి మందమైన కడప అది. గిటారుకు కావలసిన పలకలు ఒక వైపు నుంచి తీయగా, నిడివి తగ్గకుండా ఇంకా సగం మందం మిగిలింది. ఒక ఇంటి కడపను ఇంకొకరు పెట్టుకోరని చెప్పాను కదా. నిన్న మేస్త్రీని పిలిపించి, దాన్ని నా షెడ్డు గుమ్మంలో పెట్టించాను. వచ్చేవాళ్లు చూసుకోక కాలు తట్టుకుంటున్నారు. పొద్దున తాళం తీసి లోపలికి వస్తూ నేను కూడా కాలు తట్టుకున్నాను. ఆగి, కిందికి చూసి, కాలెత్తి దాటాను.